నిత్య నరకం, దేవుని కరుణ: కథోలిక బోధనలో ఈ రెండూ ఎలా కలుస్తాయి?

ఆదివారం_బడి

అందరికీ నమస్కారం. మా విచారణలో (మా చర్చి పరిధిలో) పిల్లలకు సత్యోపదేశం, అంటే మత పాఠాలు, చెబుతాను. ప్రథమ దివ్యసత్ప్రసాదానికి, అంటే పూజలో మొదటిసారి ప్రసాదం తీసుకోవడానికి, సిద్ధమయ్యే పిల్లలు. పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) గురించి చెప్పాలంటే చావైన పాపం, అంటే దేవునితో బంధాన్ని తెంచేసే ఘోర పాపం, గురించి చెప్పాలి. అది చెప్పాక నరకం మాట ఎత్తకుండా కుదరదు. ఒక పాప, "మా నాయనమ్మ జ్ఞానస్నానం తీసుకోలేదు టీచర్, నరకంలో ఉంటుందా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఆ జవాబు మీద నాకు అనుమానం లేదు.

నా ప్రశ్న దానికంటే పెద్దది. అందరూ రక్షణ పొందాలన్నదే దేవుని కోరిక అని పౌలు తిమోతికి రాశాడు (మొదటి లేఖ 2:4). తల్లి తన బిడ్డను మరిచినా నేను నిన్ను మరవను అని యెషయా 49లో దేవుడే అంటాడు. మత్తయి 25 చివరికి వస్తే కొందరు నిత్యశిక్షకు పోతారని ఉంది. డెబ్బై ఎనభై ఏళ్ల బతుకులో చేసిన తప్పుకు అంతం లేని శిక్ష. దానివల్ల శిక్ష పడినవాడు బాగుపడడు, పక్కవాడికీ మేలు లేదు. ఇలాంటి శిక్షను కరుణ పక్కన ఎలా నిలబెట్టాలి?

కథోలికులు కానివాళ్లు కూడా రాయండి. "నమ్మితే నమ్ము, లేకపోతే మానుకో" అనే జవాబులు మాత్రం వద్దు.

పాత_సెమినేరియన్

టీచర్ గారూ, శ్రీసభ (కథోలిక చర్చి) ఏం బోధిస్తుందో, ఏం బోధించదో ముందు విడదీసుకుందాం.

నరకం ఉంది, అది నిత్యమైనది. ఇది సిద్ధాంతం, తప్పించుకోలేం. చావైన పాపంలో చనిపోయినవాళ్ల ఆత్మలు వెంటనే నరకానికి పోతాయని 1336లో పోప్ పన్నెండవ బెనెడిక్ట్ నిర్వచించారు. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం (శ్రీసభ బోధనలన్నిటినీ కూర్చిన అధికారిక పుస్తకం) 1035వ పేరాలోనూ అదే ఉంది. కానీ దానికి రెండు పేరాల ముందు, 1033 చదవండి. మనిషి తనంతట తానే దేవుని నుంచి శాశ్వతంగా వేరుపడిన స్థితిని నరకం అన్నారు. దేవుడు ఎవరినీ నరకం కోసం ముందే నిర్ణయించి పెట్టడని 1037 చెబుతుంది. 1999 జులై 28న రెండవ జాన్ పాల్ పోప్ గారు కూడా ఇదే వివరించారు. నరకం దేవుడు బయటి నుంచి వేసే శిక్ష కాదనీ, మనిషి ఈ బతుకులో మొదలుపెట్టిందే అక్కడ ముగింపుకు వస్తుందనీ అన్నారు.

చావైన పాపం కావాలంటే మూడూ ఉండాలి. విషయం తీవ్రమైనదై ఉండాలి, అది తీవ్రమని పూర్తిగా తెలిసుండాలి, పూర్తి ఇష్టంతో చేయాలి (1857వ పేరా). భయం, అజ్ఞానం, అలవాటు, మానసిక స్థితి ఇవన్నీ బాధ్యతను తగ్గిస్తాయి, ఒక్కోసారి అసలు లేకుండా చేస్తాయి (1735వ పేరా).

ఇక బోధించనిది. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని శ్రీసభ ఇప్పటిదాకా ఒక్కరి గురించి కూడా ప్రకటించలేదు. పునీతుల పట్టిక ఉంది, నరకంలో ఉన్నవాళ్ల పట్టిక లేదు. యేసును పట్టించిన యూదా ఇస్కరియోతు గురించి కూడా అలాంటి ప్రకటన లేదు.

ప్రశ్నించు

> మనిషి తనంతట తానే దేవుని నుంచి శాశ్వతంగా వేరుపడిన స్థితి

సార్, నేను ఏ మతమూ లేనివాణ్ణి. మీరు రాసింది మర్యాదగానే చదివాను. కానీ ఇది నాకు సరిపోవడం లేదు.

పిల్లాడు కోపంలో బావిలో దూకబోతే, "నీ ఇష్టం నాయనా, నీ స్వేచ్ఛకు అడ్డు రాను" అని ఏ తల్లీ గట్టు మీద నిలబడి చూడదు. జుట్టు పట్టుకునైనా వెనక్కి లాగుతుంది.

మీరు చెప్పిన మూడు షరతుల్లోనే ఇంకో చిక్కు ఉంది. దేవుడే సర్వసుఖం అని పూర్తిగా తెలిసినవాడు ఆయన్ని వద్దనుకోడు. వద్దనుకున్నాడంటే తెలియలేదనే కదా. తెలియకపోతే అది చావైన పాపం కాదు. మీ షరతులను నిజంగా పాటిస్తే నరకానికి అర్హత సంపాదించడం ఎవరి తరమూ కాదు. అలాంటప్పుడు ఆ భయాన్ని తొమ్మిదేళ్ల పిల్లల మనసులో ఎందుకు వేయాలి? ఇది వాదన గెలవడానికి అడగడం లేదు. చిన్నప్పుడు ఆ భయంతో పెరిగినవాళ్లు నాకు దగ్గరివాళ్లలో ఉన్నారు. పెద్దయ్యాక కూడా అది వాళ్లను వదల్లేదు.

తిక్కన_అభిమాని

నేను హిందువుని, ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. మా పురాణాల్లో నరకాలకు గడువు ఉంటుంది. గరుడ పురాణం ఎంత ఘోరంగా వర్ణించినా, పాపఫలం తీరాక మళ్లీ జన్మ ఉంటుంది. అలాగని నిత్యనరకం మా దగ్గర ఎక్కడా లేదని చెప్పను. మధ్వాచార్యుల ద్వైత సిద్ధాంతంలో కొందరు జీవులు తమోయోగ్యులు, అంటే చీకటికే తగినవాళ్లు. వాళ్లు చేరే అంధతమస్సు నుంచి తిరిగి రావడం ఉండదు. కాబట్టి మా మతం గొప్పా మీ మతం గొప్పా అనే పోటీకి నేను రాలేదు.

నన్ను కలవరపెట్టేది నరకంలో ఉన్నవాడి కంటే స్వర్గంలో ఉన్నవాడి సంగతి. మహాభారతం స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గానికి వెళ్తే అక్కడ దుర్యోధనుడు వైభవంగా కూర్చుని కనిపిస్తాడు. నా తమ్ముళ్లేరి, ద్రౌపది ఏది అని అడిగితే దేవదూత నరకానికి తీసుకెళ్తాడు. ఆ దుర్వాసన భరించలేక వెనక్కి తిరుగుతుంటే, "కాసేపు ఉండు, నీ ఒంటి మీది గాలి సోకి మాకు హాయిగా ఉంది" అని కేకలు వినిపిస్తాయి. అవి తనవాళ్ల గొంతులని తెలిశాక ధర్మరాజు, నేను ఇక్కడే ఉంటాను, పోయి మీ దేవతలకు చెప్పు అంటాడు. తర్వాత అదంతా మాయ అని తేలుతుంది. అయినా అంతటి మనిషి కూడా తనవాళ్లు లేని స్వర్గం వద్దన్నాడు.

మీ మోక్షంలో ఉన్న తల్లికి, కొడుకు నరకంలో ఉన్నాడని తెలిస్తే ఆమె ఆనందం ఎలా పూర్తవుతుంది?

ఆదివారం_బడి

తిక్కన గారూ (అలాగే పిలుస్తాను), మీ ప్రశ్న మా బైబిల్లోనూ ఉందండీ. ప్రజలు బంగారు దూడను చేసుకున్నప్పుడు మోషే దేవునితో, వీళ్లను క్షమించు, లేకపోతే నీ గ్రంథంలోంచి నా పేరు కొట్టేయి అంటాడు (నిర్గమ 32). పౌలు రోమీయులకు రాస్తూ, నా సోదరుల కోసం నేనే క్రీస్తు నుంచి వేరై శాపగ్రస్తుణ్ణయినా సరే అంటాడు (9:3). వీళ్లిద్దరినీ దేవుడు కోప్పడలేదు.

మరోపక్క, మధ్యయుగాల గొప్ప వేదాంతి తోమాస్ అక్వినాస్ మరణించాక, ఆయన పాత రాతల నుంచి కూర్చి ఆయన ప్రధాన గ్రంథానికి చేర్చిన అనుబంధంలో, మోక్షంలో ఉన్నవాళ్లు నరకంలో ఉన్నవాళ్ల శిక్షను చూస్తారని ఉంది. ఎదుటివాడి బాధకు కాదు, దేవుని న్యాయానికీ తాము తప్పించుకున్నందుకూ సంతోషిస్తారని వివరణ. ఎంత వివరించినా నా మనసు ఒప్పుకోదు. మోషే ఆ సంతోషంలో కలుస్తాడని నేను అనుకోను.

జపమాల_1917

అందరూ నన్ను కఠినుడనుకున్నా చెప్పక తప్పదు. నరకం గురించి సువార్తలో ఎక్కువగా మాట్లాడింది యేసుప్రభువే. ఆరని అగ్ని, చావని పురుగు, మూసిన తలుపు, ధనవంతుడికీ లాజరుకూ మధ్య దాటలేని అగాధం. వీటిని చెప్పినవాడే తప్పిపోయిన కుమారుడి కథా చెప్పాడు. ఒకటి ఉంచుకుని ఒకటి పారేసే హక్కు మనకు లేదు.

1917 జులైలో పోర్చుగల్‌లోని ఫాతిమాలో దేవమాత (మరియమ్మ) ముగ్గురు చిన్నపిల్లలకు నరకాన్ని చూపించింది. పెద్దామెకు పదేళ్లు. పిల్లలకు చెప్పకూడదనేవాళ్లు దీన్ని ఆలోచించాలి. 2024 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ టీవీలో నరకం ఖాళీగా ఉందని అనుకోవడం తనకు ఇష్టమని అన్నారు. అది తన సొంత ఆలోచన అనీ సిద్ధాంతం కాదనీ ఆయనే చెప్పారు. 2014లో అదే పోప్ మాఫియావాళ్లతో, మారండి, లేకపోతే నరకం మీ కోసం చూస్తోందన్నారు. ఆ రెండోదాన్ని ఎవరూ షేర్ చేయరు.

ప్రమాదం ఉందని ముందే చెప్పడం కూడా కరుణే.

ఆదివారం_బడి

అన్నా, ఫాతిమా సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెబుతున్నా. ఆ దర్శనం తర్వాత నేర్పిన ప్రార్థన మనం జపమాలలో ప్రతి పది మంగళవార్త జపాల తర్వాతా చెబుతాం. అందులో ఆత్మలన్నిటినీ మోక్షానికి చేర్చమని, ముఖ్యంగా కరుణ ఎక్కువ అవసరమైనవాళ్లను చేర్చమని అడుగుతాం. అన్నిటినీ అని. దొరకదని తెలిసినదాన్ని దేవమాత అడగమంటుందా?

తెనాలి_రోడ్డు

నేనొకటి చెప్పాలి. ఇక్కడ అందరూ నరకానికి పోయేవాడి వైపు నుంచే ఆలోచిస్తున్నారు.

1985లో కారంచేడులో దళితుల ఊచకోత. 1991 ఆగస్టు 6న చుండూరు, ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. కేసు ఏళ్ల తరబడి సాగింది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. చచ్చినవాళ్లు చచ్చారు. అంటే చట్టం లెక్కలో వాళ్లను ఎవరూ చంపలేదు.

మా ఇళ్లలో తీర్పు దినం అనే మాట భయపెట్టే మాట కాదు. ఈ నేల మీద దొరకనిది అక్కడైనా దొరుకుతుందన్న ఆశ. మా అమ్మ ఆ మాట మీదే బతికింది. చదువుకున్నవాళ్లు వచ్చి, "కరుణ గల దేవుడు ఎవరినీ శిక్షించడు" అంటే, ఆ కరుణ ఎవరి మీద అని నేను అడుగుతాను. చంపినవాడూ చచ్చినవాడూ ఒకే పంక్తిలో కూర్చుంటారు, ఏమీ జరగనట్టు విందు నడుస్తుంది అంటే అలాంటి మోక్షం నాకు వద్దు.

ప్రశ్నించు

తెనాలి అన్నా, మీరు రాసింది చదివాక నా పోస్టు నాకే ఒకవైపు నుంచే రాసినట్టు అనిపించింది. దేవుణ్ణి నమ్మకపోయినా, తీర్పు ఉండాలన్న మీ కోరికను నేను కాదనలేను. నేను ఒప్పుకోనిది అంతం లేకపోవడం ఒక్కటే. చంపినవాడు తాను చేసింది పూర్తిగా చూడాలి, చచ్చినవాళ్ల ముందు నిలబడాలి, ఆ బాధ పడాలి. వందేళ్లో వెయ్యేళ్లో పట్టనివ్వండి. ఆ తర్వాత కూడా ఆపకపోతే అది బాధితుడికి ఏం ఇస్తుంది?

పాత_సెమినేరియన్

మీరిద్దరూ చెప్పినది దాదాపుగా ఒకచోట ఉంది. 2007లో పోప్ పదహారవ బెనెడిక్ట్ ఆశ మీద రాసిన విశ్వలేఖలో (శ్రీసభ అంతటికీ రాసిన లేఖలో) 44 నుంచి 47 పేరాల దాకా చూడండి. కృప న్యాయాన్ని కొట్టేయదు, హింసించినవాడు ఏమీ జరగనట్టు బాధితుడి పక్కన విందులో కూర్చోడు అని స్పష్టంగా రాశారు. పంక్తి అనే మాట మీరు వాడగానే నాకు అదే గుర్తొచ్చింది. అసలు అంతిమ తీర్పు ఆశకు సంబంధించిన విషయమనే ఆయన వాదన.

దాని తర్వాత ఆయన మనుషులను మూడు రకాలుగా చూస్తారు. సత్యం మీద, ప్రేమ మీద కోరికను తమలో పూర్తిగా చంపేసుకున్నవాళ్లు కొందరు ఉండవచ్చు, వాళ్ల స్థితే నరకం. పూర్తిగా శుద్ధులైనవాళ్లు కొందరు. చాలామంది మాత్రం మధ్యలో ఉంటారు, ఎన్ని మురికి పొరలు కప్పినా లోపల దేవుని కోసం ఒక తెరిచిన చోటు మిగిలే ఉంటుంది. వాళ్లు అగ్నిలోంచి దాటాలి. ఆ అగ్ని క్రీస్తే కావచ్చని, ఆయన చూపు తగిలినప్పుడు మన అబద్ధమంతా కరిగిపోతుందని రాశారు. ఉత్తరించు స్థలం, అంటే మోక్షానికి ముందు ఆత్మ శుద్ధి పొందే స్థితి, అదే. ప్రశ్నించు గారు అడిగిన "పూర్తిగా చూడాలి, ఆ బాధ పడాలి" అన్నది మా బోధనలో ఉంది. అందులోంచి బయటికి దారి కూడా ఉంది.

టొరంటో_తెలుగు

ఇంత మృదువుగా చెబుతున్నారు గానీ చరిత్ర కూడా మాట్లాడాలి. 1552లో మిషనరీ ఫ్రాన్సిస్ శౌరివారు (ఫ్రాన్సిస్ జేవియర్) జపాన్ అనుభవాల మీద ఉత్తరం రాశారు. అక్కడ కొత్తగా జ్ఞానస్నానం తీసుకున్నవాళ్లు తమ తల్లిదండ్రులనూ తాతముత్తాతలనూ తలచుకుని ఏడ్చేవారట. దానధర్మాలు చేస్తే, ప్రార్థిస్తే వాళ్లను విడిపించవచ్చా అని అడిగేవారట. ఏ దారీ లేదని చెప్పానని ఆయనే రాశారు. ఆయన పునీతుడు. అంతకుముందు 1442లో ఫ్లోరెన్స్ మహాసభ అన్యులూ యూదులూ శ్రీసభలో చేరకుండా చనిపోతే నిత్యాగ్నికి పోతారని రాసింది. జ్ఞానస్నానం లేని పసిబిడ్డలకు కూడా, తేలికైనదైనా, శిక్ష ఉందని తొలి శతాబ్దాల వేదాంతి అగస్టీన్ అన్నారు.

టీచర్ గారు ఆ పాపకు "లేదమ్మా" అన్నారు. శౌరివారు అలా అనలేదు. ఎవరిది కథోలిక బోధన?

పాత_సెమినేరియన్

ఈరోజు టీచర్ గారిదే. సూటిగా చెబుతాను.

తమ తప్పు లేకుండా సువార్త తెలియనివాళ్లు, మనస్సాక్షి ప్రకారం బతికితే రక్షణ పొందగలరని రెండవ వాటికన్ మహాసభ 1964లో బోధించింది. అది ఒక్కసారిగా ఊడిపడలేదు. అమెరికాలో బోస్టన్‌లో ఫీనీ అనే గురువు, కథోలికులు కానివాళ్లెవరికీ రక్షణ లేదని గట్టిగా బోధిస్తే, ఆ అర్థం తప్పని 1949లో రోము ఉత్తరం రాసింది. పిలిచినా రానందుకు 1953లో ఆయన్ని శ్రీసభ నుంచి వెలివేసింది. 2007లో అంతర్జాతీయ వేదాంత మండలి, జ్ఞానస్నానం లేకుండా చనిపోయిన పసిబిడ్డలు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని చెప్పింది. దేవుడు రక్షణను జ్ఞానస్నానానికి ముడిపెట్టినా, తాను మాత్రం ఆ సంస్కారాలకు కట్టుబడిపోలేదని సత్యోపదేశ గ్రంథం 1257వ పేరాలో ఉంది. ఆ పాపకు చెప్పదగ్గ వాక్యం నాకు అదే.

మారిందా, ఎదిగిందా అని మీరు అడుగుతారు. ఎదిగిందనే మేం అంటాం. కానీ శౌరివారి మాట విని ఏడ్చిన ఆ జపాన్ తల్లులకు అనవసరమైన గాయం తగిలింది. అది నాకూ బాధే.

ప్రశ్నించు

అయితే నాకు ఒక్క ప్రశ్నే మిగిలింది. చావు దగ్గర గీత ఎందుకు గీశారు? చివరి క్షణం దాకా వేచి ఉండే కరుణ, ఆ మరుక్షణం ఎందుకు ఆగాలి?

పాత_సెమినేరియన్

అన్నిటికంటే కష్టమైనది ఇదే. అక్వినాస్ జవాబు: శరీరం విడిచాక మనసుకు మారే గుణం ఉండదు, ఎటు తిరిగి ఉంటే అటే నిలిచిపోతుంది. కరుణ ఆగలేదు, మనిషే తిరగడం ఆగిపోయింది అని. మనసును అలా చేసిందెవరు అని మీరు అడుగుతారని తెలుసు. దానికి నా దగ్గర మిమ్మల్ని ఒప్పించే జవాబు లేదు.

అందరూ చివరికి తిరిగి వస్తారని మూడో శతాబ్దంలో ఓరిజెన్ అనే వేదాంతి ఆలోచించాడు, 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ఖండించినవాళ్ల పేర్లలో ఆయన పేరు ఉంది. ఇంచుమించు అదే ఆశ పెట్టుకున్న నాలుగో శతాబ్దపు బిషప్ నిస్సా గ్రెగోరి మాత్రం పునీతుడే. నరకంలో ఉన్నవాళ్లను కొట్టేది దేవుని ప్రేమే అని, తాము ఎవరికి ద్రోహం చేశారో తెలియడమే వాళ్ల బాధ అని ఏడో శతాబ్దంలో నినెవే ఇసాకు అనే సన్యాసి రాశాడు. ఆయన్ని 2024లో పోప్ ఫ్రాన్సిస్ రోమను పునీతుల జాబితాలో చేర్చారు. మన కాలంలో హన్స్ ఉర్స్ ఫాన్ బాల్తసార్ అనే స్విస్ వేదాంతి ఒక గీత గీశాడు: అందరూ రక్షణ పొందుతారని చెప్పలేం, అందరి కోసం ఆశించవచ్చు, ఆశించాలి. నేను ఆ గీత మీదే ఉన్నాను. ఎవరూ నశించకూడదని శ్రీసభ ప్రార్థిస్తుందని సత్యోపదేశ గ్రంథం 1058వ పేరాలో రాసి ఉంది.

జపమాల_1917

ఆశించడానికి నాకూ అభ్యంతరం లేదు. ఆ ఆశతో పాపసంకీర్తనం మానేయడానికే అభ్యంతరం. ఫ్రాన్స్‌కు చెందిన పునీతురాలు చిన్న తెరేజమ్మకు పద్నాలుగేళ్లప్పుడు, 1887లో, ప్రాంజీని అనే హంతకుడికి మరణశిక్ష పడింది. ముగ్గురిని చంపినవాడు, పశ్చాత్తాపం ఏమీ చూపలేదు. ఆమె నరకం నిజమని నమ్మింది కాబట్టే అతని కోసం అంతగా ప్రార్థించింది. కత్తి కిందికి వెళ్లే ముందు అతను సిలువను ముద్దు పెట్టుకున్నాడని పత్రికలో చదివి ఏడ్చింది. నరకం లేదనుకుంటే ఆమె ఆ ప్రార్థన చేసేదా?

తెనాలి_రోడ్డు

ఇది మంచి మాట అన్నా. నాకు కావలసిందీ అదే, అతను సిలువ ముందు తల వంచాలి. మావాళ్లను చంపినవాళ్లు అలా తల వంచితే, ఆ పంక్తి గురించి అప్పుడు ఆలోచిస్తాను. అంతవరకు వాళ్ల కోసం ప్రార్థించమని మమ్మల్ని ఎవరూ తొందరపెట్టవద్దు.

కొత్త_సభ్యురాలు

ఇన్నాళ్లూ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా తమ్ముడు పోయిన ఏడాది ఉరేసుకున్నాడు. డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాడు. భూస్థాపన రోజు మా చుట్టాల్లో ఒకాయన, ఇలా పోయినవాళ్లకు మోక్షం ఉండదు, చర్చిలో పూజ కూడా చేయకూడదు అన్నాడు. అమ్మ అప్పటి నుంచి గుడికి రావడం లేదు. నవంబరు 2న సమాధుల పండుగకు (చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించే రోజు) వాడి పేరు రాయించవచ్చా? అడిగితే ఫాదర్ గారు కాదంటారేమోనని టెన్షన్‌గా ఉంది.

పాత_సెమినేరియన్

అమ్మా, తప్పకుండా రాయించండి.

మీ చుట్టం చెప్పింది 1917 నాటి పాత శ్రీసభ చట్టం. కావాలని ప్రాణం తీసుకున్నవాళ్లకు అందులో క్రైస్తవ భూస్థాపన ఉండేది కాదు. 1983లో వచ్చిన చట్టంలో ఆ నిషేధం తీసేశారు. తీవ్రమైన మానసిక వేదన బాధ్యతను తగ్గిస్తుందని సత్యోపదేశ గ్రంథం 2282వ పేరాలో ఉంది. ప్రాణం తీసుకున్నవాళ్ల నిత్యరక్షణ గురించి నిరాశ పడకూడదని, దేవుడు తనకు మాత్రమే తెలిసిన దారుల్లో వాళ్లకు పశ్చాత్తాపపడే అవకాశం ఇవ్వగలడని 2283లో ఉంది. శ్రీసభ వాళ్ల కోసం ప్రార్థిస్తుందని కూడా అక్కడే రాశారు. మీ తమ్ముడిది జబ్బు. పైన చెప్పుకున్న మూడు షరతుల్లో పూర్తి ఇష్టం అనేది అక్కడ ఎక్కడుంది?

ఫ్రాన్స్‌లోని ఆర్స్ అనే ఊరి విచారణ గురువు, పునీత జాన్ వియాన్నీ గారి దగ్గరికి, భర్త వంతెన మీంచి దూకి చనిపోయిన ఒకామె వస్తే, వంతెనకూ నీళ్లకూ మధ్య అతనికి పశ్చాత్తాపపడే సమయం దొరికిందమ్మా అని చెప్పారంటారు.

ఫాదర్ గారి దగ్గరికి ఒక్కరే వెళ్లడం కష్టంగా ఉంటే 2280 నుంచి 2283 దాకా ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. వాడి పేరుతో సమాధుల పండుగకే కాదు, వర్ధంతి పూజ కూడా చెప్పించవచ్చు.

జపమాల_1917

చెల్లీ, ఆయన చెప్పింది నిజం, ఇందులో రెండో మాట లేదు. తమ్ముడి పేరు నాకు ప్రైవేటుగా పంపండి. నవంబరు నెలంతా మా ఇంట్లో జపమాలలో చెబుతాం. అమ్మగారికి 2283 మీరే చదివి వినిపించండి.